జీరో బిల్లు, గ్యాస్ సబ్సిడీ: ఎక్కడ ఆగిందో కనిపెట్టి ఇలా సరిచేసుకోండి

“రేషన్ కార్డు ఉంది, ప్రజాపాలనలో దరఖాస్తు పెట్టాం, అయినా కరెంటు బిల్లు వస్తోంది. ఏం చేయాలి?” ఈ ప్రశ్న రాని వారం లేదు. దాని వెనకాలే ఇంకొకటి: “గ్యాస్ బండకు పూర్తి డబ్బు కట్టాం, తిరిగి రావాల్సింది ఖాతాలో పడలేదు.”

మా వీధిలో వాళ్ల కాగితాలు చూసి పెట్టడం కొన్నాళ్లుగా నాకు అలవాటు. నేను చూసినంతలో చాలా ఇళ్లకు ఈ సాయం ఆగింది అర్హత లేక కాదు. ఆధార్, రేషన్ కార్డు, మీటరు, గ్యాస్ కనెక్షన్, బ్యాంకు ఖాతా, ఈ ఐదింటిలో ఏదో ఒకటి మిగతా వాటితో కలవక ఆగింది. ఎక్కడ కలవలేదో తెలియకుండా ఆఫీసుల చుట్టూ తిరిగితే కూలి పోతుంది తప్ప పని కాదు. అందుకే ఏది ముందో ఏది తర్వాతో వరుసగా రాస్తున్నాను.

## 1. మీకు వర్తించేది ఏదో ముందు తేల్చుకోండి

తెలంగాణలో ఉంటే: కరెంటుకు గృహజ్యోతి (నెల వాడకం 200 యూనిట్లు దాటకపోతే జీరో బిల్లు), గ్యాస్‌కు మహాలక్ష్మి కింద 500 రూపాయల బండ. రెండూ 2024 ఫిబ్రవరి 27న మొదలయ్యాయి. జీరో బిల్లులు ఆ మార్చి నుంచి ఇస్తున్నారు.

ఆంధ్రప్రదేశ్‌లో ఉంటే: గ్యాస్‌కు దీపం-2, ఏడాదికి మూడు ఉచిత బండలు. 2024 నవంబర్ 1న శ్రీకాకుళం జిల్లా ఈదుపురంలో దీన్ని ప్రారంభించారు. కరెంటు విషయంలో ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు ఉచితం. దానికి కుల ధ్రువపత్రంతో గ్రామ, వార్డు సచివాలయంలోగానీ విద్యుత్ శాఖ సెక్షన్ ఆఫీసులోగానీ అడగాలి.

రెండు చోట్లా: ఉజ్వల కనెక్షన్ ఉన్నవాళ్లకు కేంద్రం నుంచి బండకు 300 రూపాయలు. 2025-26 సంవత్సరానికి దీన్ని 9 బండల వరకు ఇవ్వాలని నిర్ణయించారు.

ఒక జాగ్రత్త. కర్ణాటకలో కూడా గృహ జ్యోతి అనే పేరుతోనే పథకం ఉంది. అక్కడ 2022-23లో మీ సగటు వాడకం ఎంతో చూసి, దాని మీద కొంత కలిపి ఉచితం ఎంతో నిర్ణయిస్తారు. దరఖాస్తు సేవా సింధు పోర్టల్‌లో పెట్టాలి. బెంగళూరులోనో బళ్లారిలోనో ఉంటున్న తెలుగువాళ్లకు ఆ లెక్కే వర్తిస్తుంది, తెలంగాణ లెక్క కాదు. వాట్సాప్‌లో తిరిగే వీడియో ఏ రాష్ట్రానిదో చూడకుండా నమ్మి చాలామంది తికమక పడుతున్నారు.

## 2. గడప దాటక ముందు: ఒకే కాగితం మీద ఐదు వివరాలు

తెల్ల కాగితం తీసుకుని ఇవి వరుసగా రాసుకోండి. ఫోన్‌లో ఫోటోలు ఉన్నాయి కదా అని ఈ పని వదిలేయకండి. కౌంటర్ దగ్గర వెతుక్కునే టైమ్ ఉండదు.

- రేషన్ కార్డు నంబర్, అందులో ఎవరెవరి పేర్లు ఉన్నాయో.
- ఆధార్ నంబర్లు, పేరు స్పెల్లింగ్ ఆధార్‌లో ఎలా ఉందో అచ్చం అలాగే.
- కరెంటు కనెక్షన్ నంబర్. తెలంగాణ బిల్లులో సర్వీస్ నంబర్, యూఎస్సీ నంబర్ అని రెండు ఉంటాయి. గృహజ్యోతికి అడిగేది యూఎస్సీ నంబర్. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే.
- గ్యాస్ కన్జ్యూమర్ నంబర్, ఏజెన్సీ పేరు, వీలైతే 17 అంకెల ఎల్‌పీజీ ఐడీ.
- ఆధార్‌కు లింకైన బ్యాంకు ఖాతా ఏదో.

ఇప్పుడు కాగితాన్ని ఒకసారి పరీక్షగా చూడండి. గ్యాస్ కనెక్షన్ ఎవరి పేరున ఉందో ఆ మనిషి పేరు రేషన్ కార్డులో ఉందా? రాసుకున్న యూఎస్సీ నంబర్ మీరు ఇప్పుడు ఉంటున్న ఇంటిదేనా? బ్యాంకు ఖాతా ఇంకా నడుస్తోందా? ఈ మూడింటిలో దేనికి “కాదు” అని వచ్చినా మీ సమస్య అక్కడే ఉండే అవకాశం ఎక్కువ.

## 3. గృహజ్యోతికి దరఖాస్తు

2023 డిసెంబర్ 28 నుంచి 2024 జనవరి 6 వరకు జరిగిన ప్రజాపాలన సభల్లో చాలామంది దరఖాస్తు పెట్టారు. అప్పుడు పెట్టనివాళ్లు, 2025లో కొత్తగా రేషన్ కార్డు వచ్చినవాళ్లు ప్రజాపాలన సేవా కేంద్రానికి వెళ్లాలి. పల్లెల్లో అది ఎంపీడీవో ఆఫీసులో, పట్టణాల్లో మున్సిపల్ ఆఫీసులో, హైదరాబాద్‌లో సర్కిల్ ఆఫీసులో ఉంటుంది. కొత్త కార్డు చేతికి రాగానే జీరో బిల్లు తనంతట తానే వస్తుందని కూర్చోకండి. కార్డుకూ మీటరుకూ లింకు పడాలంటే మీరు వెళ్లి అడగాల్సిందే.

వరుస ఇది:

1. రేషన్ కార్డు, ఆధార్, ఇటీవలి కరెంటు బిల్లు ఒరిజినళ్లు, జిరాక్సులు పట్టుకెళ్లండి.
2. ఫారంలో గృహజ్యోతి గడిలో యూఎస్సీ నంబర్‌ను బిల్లు చూసి రాయండి. గుర్తున్నది కదా అని రాయొద్దు.
3. కంప్యూటర్‌లో ఎక్కించేటప్పుడు పక్కనే నిలబడి, ఎక్కిన నంబర్‌ను పైకి చదివించుకోండి. మొహమాటం వద్దు.
4. రసీదు తీసుకోండి. రసీదు లేకుండా లేవకండి.
5. పాత బకాయి ఉంటే ముందు అది కట్టేయండి. బకాయి ఉన్న కనెక్షన్‌కు జీరో బిల్లు రాదు.

ఇవి కూడా చూసుకోండి:

- కనెక్షన్ గృహ అవసరాల కేటగిరీలో ఉండాలి. ముందు గదిలో కిరాణా కొట్టు పెట్టి ఆ మీటరును కమర్షియల్‌గా మార్పించుకుని ఉంటే దానికి ఈ పథకం వర్తించదు.
- ఒక రేషన్ కార్డుకు ఒక్క మీటరే.
- మీటరు తాతగారి పేరునో ఇంటి ఓనరు పేరునో ఉన్నా ఫర్వాలేదు. దీనికోసమే పేరు మార్పు అంటూ వేలు ఖర్చు పెట్టొద్దు.

## 4. 200 గీత: అసలు ఇల్లు గెలిచేదీ ఓడేదీ ఇక్కడే

దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను. దరఖాస్తు ఒక్కసారి చేసే పని. ఇది నెలనెలా ఉండే పని.

గృహజ్యోతిలో 200 యూనిట్లు దాటితే “200 ఉచితం, మిగతావాటికే డబ్బు” అని కాదు. మొత్తం బిల్లు కట్టాలి. పైగా 200 దాటిన ఇంటికి స్లాబు కూడా మారుతుంది. 2022-23లో వచ్చిన తెలంగాణ చార్జీల ప్రకారం 200 దాటిన ఇంటికి మొదటి 200 యూనిట్లకు యూనిట్ 5 రూపాయల 10 పైసలు, ఆపైన 300 వరకు 7 రూపాయల 70 పైసలు. అంటే 201 యూనిట్లు కాలితే వాడకం చార్జీయే 1,027 రూపాయల 70 పైసలు. ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ, సుంకం దాని మీద అదనం. ఆ ఒక్క యూనిట్ ఒక కుటుంబానికి మూడు నాలుగు రోజుల కూరగాయలు, పాల డబ్బు తీసుకుపోతుంది.

మీటరు చదవడం. డిజిటల్ మీటరులో అంకెలు ఒకదాని తర్వాత ఒకటి మారుతుంటాయి: తేదీ, టైమ్, ఇంకా కొన్ని. పక్కన కేడబ్ల్యూహెచ్ అని వచ్చే అంకే మీది. కేవీఏహెచ్ అని వచ్చేది కాదు. బిల్లు మీద “ప్రస్తుత రీడింగ్” అని ఉన్న అంకెకు దగ్గరగా ఉండేది అదే అని గుర్తుపట్టండి.

లెక్క. 200ను 30తో భాగిస్తే రోజుకు ఆరున్నర యూనిట్ల పైచిలుకు. బిల్లు తీసిన రోజు రీడింగ్ క్యాలెండర్ మీద రాయండి. పదో రోజుకు 65, ఇరవయ్యో రోజుకు 130 దగ్గర ఉంటే నిశ్చింత. ఇరవయ్యో రోజుకే 150 దాటితే మిగిలిన పది రోజులు చేయి కట్టేసుకోవాలి.

ఏది ఎంత తింటుంది? సుమారుగా:

- 2,000 వాట్ల గీజర్ లేదా పెద్ద హీటర్: అరగంటకు ఒక యూనిట్.
- 1,000 వాట్ల ఇస్త్రీ పెట్టె: గంటకు ఒక యూనిట్.
- ఒకటిన్నర హార్స్‌పవర్ నీళ్ల మోటారు: గంటకు ఒకటి కన్నా కాస్త ఎక్కువ.
- పాత 75 వాట్ల ఫ్యాను: 12 గంటలకు 0.9 యూనిట్. అదే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను అయితే 0.36.
- పాత 100 వాట్ల బల్బు: పది గంటలకు ఒక యూనిట్. 9 వాట్ల ఎల్‌ఈడీకి పదో వంతు కూడా కాదు.

మూడు పాత ఫ్యాన్లు తీసి మూడు బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెడితే, రోజుకు 12 గంటల చొప్పున నెలకు 48 యూనిట్ల దాకా తగ్గుతుంది. కొత్త ఫ్యాన్లు ఒకేసారి కొనడం కష్టమే. ఎక్కువసేపు తిరిగే ఒక్క ఫ్యానుతో మొదలుపెట్టండి, తేడా మీటరులోనే కనిపిస్తుంది. వేసవిలో ముసలివాళ్లు, పసిపిల్లలు ఉన్న ఇంట్లో ఫ్యాను ఆపి యూనిట్లు మిగిల్చే పని మాత్రం చేయొద్దు. గీజర్ ఆపండి, వారానికోసారి అన్ని బట్టలూ కలిపి ఇస్త్రీ చేయండి.

రీడింగ్ తేదీ. రెండు బిల్లుల మధ్య ఎన్ని రోజులో లెక్కపెట్టండి. మీటరు రీడరు నాలుగైదు రోజులు ఆలస్యంగా వస్తే ఆ రోజుల యూనిట్లు కూడా ఈ నెలలోనే కలుస్తాయి. రోజుకు ఆరేసి యూనిట్లు వాడే ఇల్లు 30 రోజులకు 180 దగ్గర ఉంటుంది. 34 రోజులైతే 204. ఇలా దాటిన నెలలో రెండు బిల్లులూ, మీరు రాసుకున్న రీడింగులూ తీసుకుని ఈఆర్‌వో (విద్యుత్ రెవెన్యూ) ఆఫీసుకు వెళ్లి, రోజుల లెక్క చూపించి సవరించమని రాతపూర్వకంగా అడగండి. మామూలుగా వచ్చే తేదీ రోజున మీటరుకు ఫోటో తీసి పెట్టుకుంటే అదే మీకు సాక్ష్యం.

ఇంటికి తాళం ఉంటే రీడింగ్ దొరకదు, తర్వాతి బిల్లులో అంతా కలిసి వచ్చి టెన్షన్ పెడుతుంది. ఊరికి వెళ్లేటప్పుడు మీటరు బయటివాళ్లకు కనిపించేలా ఏర్పాటు చేసి వెళ్లండి.

## 5. అర్హత ఉండీ బిల్లు వస్తే

మొదట బిల్లులో యూనిట్లు చూడండి. 200 దాటితే పై సంగతే. దాటకపోయినా మొత్తం కట్టమని వస్తే ఈ వరుసలో వెళ్లండి:

1. ప్రజాపాలన రసీదులోని యూఎస్సీ నంబర్, బిల్లు మీది యూఎస్సీ నంబర్ పక్కపక్కన పెట్టి ఒక్కో అంకె పోల్చండి.
2. తేడా ఉంటే సేవా కేంద్రంలో సవరణ అడగండి. తెల్ల రేషన్ కార్డు, ఆధార్, ఆ బిల్లు వెంట ఉండాలి.
3. తేడా లేకపోతే రేషన్ కార్డుకు ఆధార్ లింకు, ఈకేవైసీ అయ్యాయో లేదో రేషన్ షాపులో అడగండి.
4. రెండూ సరిగ్గా ఉంటే ఆ నెల బిల్లు సవరించమని విద్యుత్ శాఖ ఈఆర్‌వో ఆఫీసులో దరఖాస్తు ఇచ్చి, మీ కాపీ మీద ముద్ర వేయించుకోండి.

మా పక్కింటి పెద్దమ్మకు ఆరు నెలలు బిల్లు వచ్చింది. రెండు ఆఫీసులు తిరిగినా “పైనుంచి రావాలి” అన్నారు తప్ప ఎవరూ నంబర్ చూడలేదు. పోల్చి చూస్తే చివరి రెండు అంకెలు తారుమారు అయ్యాయి. సవరణకు పట్టింది పావుగంట. ఆ ఆరు నెలల డబ్బు ఆమె మందులది. అందుకే ఈ మొదటి అంచెను దాటేయొద్దని ఇంతగా చెబుతున్నాను.

## 6. అద్దెకు ఉంటే

అద్దెవాళ్లకు గృహజ్యోతి ఉంది. మీ రేషన్ కార్డును మీరు ఉంటున్న పోర్షన్ మీటరుకు లింకు చేయించుకోవచ్చు. ఓనరు తన రేషన్ కార్డును అదే మీటరుకు పెట్టుకుని ఉంటే మాత్రం మీది ఎక్కదు. ఇంట్లో దిగేముందే ఈ మాట అడిగేయండి.

ఇల్లు మారినప్పుడు పాత యూఎస్సీ నంబర్ తీయించి కొత్తది పెట్టించుకోవాలి. ఇది మరిచిపోతే కొత్త ఇంట్లో మీకు బిల్లు వస్తుంది. పాత ఇంట్లోకి దిగినవాళ్లు తమ కార్డు లింకు కాక ఇబ్బంది పడతారు. రెండు మూడు పోర్షన్లకు ఒకే మీటరు ఉంటే నెలకు 200 లోపు ఉండటం దాదాపు అసాధ్యం. అక్కడ విడి మీటరుకు ఓనరును ఒప్పించడమే దారి.

## 7. తెలంగాణలో 500 రూపాయల బండ

బండ తెచ్చే మనిషికి 500 ఇస్తే సరిపోదు. పూర్తి ధర కట్టాలి, మిగతాది తర్వాత ఖాతాలో పడుతుంది. 2025 ఏప్రిల్‌లో ధర పెరిగాక హైదరాబాద్‌లో 14.2 కిలోల బండ 905 రూపాయలైంది. ఆ ధర మీద 500 పోను తిరిగి రావాల్సింది 405. ఉజ్వల కనెక్షన్ అయితే అందులో 300 కేంద్రం వాటా, మిగిలింది రాష్ట్రం వాటా. రెండూ ఒకే రోజు పడకపోవచ్చు కాబట్టి పాస్‌బుక్కులో రెండు ఎంట్రీలు వెతకండి. ధర మారితే ఇదే లెక్క కొత్త ధర మీద వేసుకోండి.

ఏడాదికి ఎన్ని బండలు అన్నది గత మూడేళ్ల మీ సగటు వాడకాన్ని బట్టి ఉంటుంది. ఏడాదికి నాలుగు వాడిన ఇంటికి ఎనిమిదింటికి సబ్సిడీ రాదు. డబ్బు పడలేదని అనుకునేముందు ఈ ఏడాది ఇప్పటికే ఎన్ని వాడారో లెక్క చూసుకోండి.

డెలివరీ బాయ్‌కి పైన ఇచ్చే ముప్పై, యాభై ఎందులోనూ తిరిగి రావు. రసీదు మీద ఉన్న ధరే మీరు కట్టాల్సింది.

## 8. ఆంధ్రప్రదేశ్‌లో దీపం-2

మూడు బండలు ఒకేసారి తీసుకునేవి కావు. నాలుగేసి నెలలకు ఒకటి:

- ఏప్రిల్ నుంచి జులై: మొదటిది
- ఆగస్టు నుంచి నవంబర్: రెండోది
- డిసెంబర్ నుంచి మార్చి: మూడోది

ఆ గడువులో బుక్ చేయకపోతే ఆ బండ పోయినట్టే, తర్వాతి దానికి కలపరు. తక్కువ వండుకునే ఒంటరి అవ్వలు, తాతలు ఎక్కువగా నష్టపోయేది ఇలాగే. మీ వీధిలో అలాంటివాళ్లుంటే జులై, నవంబర్, మార్చి మొదటి వారాల్లో ఒకసారి అడిగి బుక్ చేయించండి.

ముందు బండ డబ్బు మీరే కట్టాలి. డెలివరీ నమోదైన 48 గంటల్లో ఖాతాలో పడాలి. కావాల్సినవి: రైస్ కార్డు, దానికి లింకైన ఆధార్, నడుస్తున్న గ్యాస్ కనెక్షన్. కనెక్షన్ భార్య పేరున ఉన్నా భర్త పేరున ఉన్నా ఇద్దరూ ఒకే కార్డులో ఉంటే చాలు. ఒక కార్డు మీద రెండు కనెక్షన్లున్నా ఒక్కదానికే వర్తిస్తుంది. డబ్బు రాకపోతే సచివాలయంలో మీ పేరు ఏ కారణంతో ఆగిందో చూపించమని అడగండి, లేదా 1967కు ఫోన్ చేయండి.

## 9. గ్యాస్ డబ్బు దారి తప్పే చోట్లు

ఈకేవైసీ కాలేదు. ఏజెన్సీలో వేలిముద్రతోగానీ, గ్యాస్ కంపెనీ యాప్‌లో ముఖం చూపించిగానీ చేసుకోవచ్చు. దీనికి డబ్బు తీసుకోకూడదు. స్టవ్ పైపు కొంటేనే చేస్తామంటే ఒప్పుకోవద్దు.

కనెక్షన్ చనిపోయినవారి పేరున ఉంది. వేలిముద్ర ఎవరు వేస్తారు? మరణ ధ్రువపత్రం, మిగతా వారసుల అంగీకార పత్రం, మీ ఆధార్ తీసుకుని ఏజెన్సీలో పేరు మార్పించుకోండి. దీన్ని ఏళ్ల తరబడి వాయిదా వేసే ఇళ్లు చాలా ఉన్నాయి. కరెంటు మీటరుకు పేరు మార్పు అవసరం లేదన్నాను కదా, గ్యాస్‌కు మాత్రం తప్పదు.

డబ్బు వేరే ఖాతాకు పోయింది. సబ్సిడీ వెళ్లేది గ్యాస్ బుక్కులో రాసిన ఖాతాకు కాదు, ఆధార్‌కు ఆఖరుగా లింకైన ఖాతాకు. ఎప్పుడో లోన్ కోసం తెరిచిన ఖాతాకు ఆ లింకు మారి ఉండొచ్చు. ఆధార్ వెబ్‌సైట్‌లో లాగిన్ అయి బ్యాంకు సీడింగ్ స్టేటస్ చూస్తే ఏ బ్యాంకో తెలుస్తుంది. మార్చాలంటే కావాల్సిన బ్యాంకుకు వెళ్లి “డీబీటీకి ఎన్‌పీసీఐ లింకు చేయండి” అని ఆ మాటలతోనే అడగండి. “ఆధార్ లింకు” అని మాత్రమే అంటే కేవైసీ చేసి పంపేస్తారు, సర్కారు డబ్బు ఏ బ్యాంకుకు పోవాలో చెప్పే ఎన్‌పీసీఐ లింకు అలాగే ఉండిపోతుంది.

ఖాతా నిద్రపోయింది. ఎక్కువకాలం లావాదేవీలు లేని ఖాతాలో డబ్బు పడక వెనక్కి పోవచ్చు. బ్యాంకుకు వెళ్లి కేవైసీ ఇచ్చి, వంద రూపాయలు వేసి తీయండి.

## 10. ఫోన్‌లో వచ్చే లింకులు

జీరో బిల్లుకు అప్లై చేయండి, ఆగిన సబ్సిడీ తీసుకోండి అంటూ వచ్చే ఏ లింకూ నొక్కొద్దు. వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైల్ అసలు ఇన్‌స్టాల్ చేయొద్దు. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్‌లో ఇలాంటి మెసేజ్ కనిపిస్తే మీరే తీసేయండి.

## 11. ఎక్కడా పలకకపోతే

కరెంటుకు ముందు 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబర్ రాసుకోండి. తర్వాత సెక్షన్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్), ఆపైన ఈఆర్‌వో. మీటరే వేగంగా తిరుగుతోందని అనుమానం ఉంటే నిర్ణీత ఫీజు కట్టి మీటరు టెస్టింగ్ అడగవచ్చు. అప్పటికీ తేలకపోతే ప్రతి డిస్కంకు (విద్యుత్ పంపిణీ సంస్థకు) విద్యుత్ వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంటుంది. తెల్ల కాగితం మీద రాసిస్తే చాలు, లాయరు అక్కర్లేదు. వేదిక నిర్ణయం నచ్చకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లొచ్చు.

గ్యాస్‌కు ముందు ఏజెన్సీ, తర్వాత 1800-2333-555. గ్యాస్ లీకైతే వీటన్నిటికన్నా ముందు 1906.

ఏ ఫిర్యాదుకైనా ఇవి జతచేయండి:

- గత మూడు బిల్లుల జిరాక్సులు, మీటరు ఫోటోలు
- ప్రజాపాలన రసీదు లేదా సచివాలయంలో ఇచ్చిన కాగితం
- గ్యాస్ డెలివరీ రసీదు, ఆ నెల పాస్‌బుక్కు పేజీ
- ఇంతకుముందు ఎప్పుడు, ఎక్కడ, ఎవరికి చెప్పారో తేదీలతో నాలుగు వాక్యాలు

బిల్లు సవరించామని నోటిమాటగా చెబితే ఆగిపోకండి. అప్పటికే కట్టేసిన డబ్బు తర్వాతి బిల్లుల్లో సర్దుబాటు కావాలి. వచ్చే నెల బిల్లు చేతికి రాగానే అందులో ఆ మొత్తం తగ్గిందో లేదో చూసి, తగ్గకపోతే ముద్ర వేయించుకున్న కాపీతో అదే కౌంటర్‌కు మళ్లీ వెళ్లండి.